క్యానిస్టర్ ఫిల్టర్‌లో గాలి లీకులు

చేపల తొట్టి స్టాండు కింది అరలో మూత బిగించిన డబ్బాలా కూర్చుని పనిచేసే వడపోత యంత్రాన్ని క్యానిస్టర్ ఫిల్టర్ అంటారు. తొట్టిలోని నీరు ఒక పైపు గుండా ఇందులోకి దిగి, స్పాంజీ, సెరామిక్ రింగులు, దూది పొరల్లోంచి సాగి, మూతలో అమర్చిన మోటారు తోపుతో రెండో పైపు ద్వారా తిరిగి తొట్టికి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడైనా బయటి గాలి లోపలికి దూరితే అది గాలి లీకు. వాడుకలో ‘ఫిల్టర్ గాలి లాగుతోంది’ అన్నా, ‘మోటారు గాలి పట్టింది’ అన్నా ఇదే. బావి మీద మోటారు నడిపిన రైతుకు ఈ మాట కొత్త కాదు. సక్షన్ పైపు జాయింటు దగ్గర వెంట్రుకంత సందు ఉంటే చాలు, మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పడవు. ఆ జాయింటుకు సైకిలు ట్యూబు ముక్కను లాగి బిగించి చుడితే మళ్లీ ధార కడుతుంది. తొట్టి కింద జరిగేదీ చిన్న కొలతలో అదే.

నీరు కారే లీకు తన చోటును తానే చూపిస్తుంది. గాలి లీకు చూపించదు. గాలి లోపలికి పోయే సందు పైకి పొడిగా, శుభ్రంగా ఉంటుంది. బుడగలు మాత్రం ఇంకెక్కడో, తొట్టిలో నీరు పడే చోట కనిపిస్తాయి. దాంతో చాలామంది ముందుగా మూత రబ్బరును అనుమానిస్తారు, కొత్తది కొని తెచ్చి వేస్తారు, గరగర మాత్రం ఆగదు. గాలి ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే ఆ పైపుల్లో ఏ చోట పీడనం బయటి వాతావరణం కంటే తక్కువగా ఉందో తెలియాలి. గాలి దూరగలిగేది అక్కడే.

నిర్మాణం, పని తీరు

జర్మనీలో గుంథర్ ఐహైమ్ 1949లో స్థాపించిన సంస్థ 1960లలో ఈ తరహా బయటి ఫిల్టర్లను ఇళ్లలోకి తెచ్చింది. ఆ సంస్థ ‘క్లాసిక్’ వరుస ఈ నాటికీ నడుస్తోంది. కెనడాకు చెందిన హేగన్ సంస్థ ‘ఫ్లూవల్’ పేరుతో, చైనాకు చెందిన సన్‌సన్ తన పేరుతోనే వీటిని తయారుచేస్తున్నాయి. రూపాలు వేరైనా సూత్రం ఒకటే: దారి మొత్తం నీటితో నిండి, మూసి ఉండాలి. అలా ఉన్నంతసేపూ దిగే నీటి బరువు, ఎక్కే నీటి బరువు సరితూగుతాయి. మోటారు నీటిని మీటరు ఎత్తుకు మోయనక్కర్లేదు, పైపుల రాపిడినీ స్పాంజీల అడ్డునూ గెలిస్తే చాలు. పది ఇరవై వాట్ల మోటారు గంటకు వందల లీటర్లు తిప్పగలుగుతున్నది ఈ సరితూకం వల్లే. పైపులో గాలి నిలిచిన మేరకు ఆ తూకం చెడుతుంది.

మోటారులో తిరిగే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. అది నీటిని విసిరి తోస్తుంది. గాలి సాంద్రత నీటిలో దాదాపు ఎనిమిది వందో వంతు కాబట్టి రెక్కలకు గాలి చిక్కదు. లోపలికి వచ్చిన బుడగలు డబ్బాలో పైకి తేలి మూత కింద చేరతాయి. కొంత పోగయ్యాక ఇంపెల్లర్ ఒక్కసారిగా దాన్ని మింగి, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గరగరమని, తొట్టిలోకి ఒక బుడగల మేఘాన్ని వదులుతుంది. లీకు చిన్నదే కదా అని తీసిపారేయకూడదు. 3 మి.మీ. వ్యాసం ఉన్న బుడగ సెకనుకు ఒకటి చొప్పున దూరితే గంటకు సుమారు 50 మి.లీ., రోజుకు 1.2 లీటర్ల గాలి అవుతుంది. అది మూత కింద నిలిచిపోతే ఇంపెల్లర్ గది ఖాళీ అయి ప్రవాహం ఆగిపోతుంది. మోటారు తీగచుట్ట చుట్టూ పోసిన రెసిన్ తడిని అడ్డుకుంటుంది గాని వేడిని అడ్డుకోదు, దాన్ని చల్లార్చేది పారే నీరే. ఎండు నడకలో ఇంపెల్లర్ ఇరుసు, దాని రబ్బరు బుషులు అరిగిపోతాయి. సెరామిక్ రింగుల మీద బతికే, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. ప్రవాహం ఆగిన డబ్బాలో అది గంటల్లో అడుగంటుతుంది.

పీడనం ఎక్కడ తగ్గుతుంది

నీటిలో 10 సెం.మీ. లోతుకు పీడనం సుమారు 1 కిలోపాస్కల్ పెరుగుతుంది. తొట్టి నీటిమట్టానికి మీటరు కింద ఉన్న ఫిల్టర్ మూత దగ్గర, ఫిల్టర్ ఆగి ఉన్నప్పుడు, బయటికంటే దాదాపు 10 కిలోపాస్కల్స్ ఎక్కువ పీడనం ఉంటుంది. మూత రబ్బరు చెడితే అక్కడ నీరు బయటికి వస్తుంది, గాలి లోపలికి పోదు. అరలో తడి ఉంటే మూత రబ్బరును, తడి లేకుండా బుడగలు వస్తుంటే పైభాగాన్ని చూడాలని చెప్పడానికి కారణం ఇదే.

మిగిలింది పైపు మెడ. ఇన్‌టేక్ పైపు నీటిమట్టం దాటి పైకెక్కి, తొట్టి అంచు మీదుగా వంగి, బయటివైపు మళ్లీ నీటిమట్టానికి దిగే వరకు ఉన్న భాగం అది. ఆ మెడ నీటిమట్టానికి 15–20 సెం.మీ. ఎత్తులో ఉంటే, ఫిల్టర్ ఆగి ఉన్నా అక్కడ పీడనం బయటికంటే 1.5–2 కిలోపాస్కల్స్ తక్కువ. నడుస్తుంటే ఇంకా తగ్గుతుంది. లోపలి వ్యాసం 16 మి.మీ. ఉన్న పైపులో గంటకు 1000 లీటర్లు పారితే నీటి వేగం సెకనుకు 1.4 మీటర్ల దాకా ఉంటుంది. ఆ వేగం అందుకోవడానికే 10 సెం.మీ. నీటిమట్టంతో సమానమైన పీడనం ఖర్చవుతుంది, ఆపై ప్రతి మీటరు పైపుకూ రాపిడి కింద ఇంచుమించు 15 సెం.మీ. పోతుంది. జాలీ దగ్గరి అడ్డును కూడా కలుపుకుంటే, మెడ దగ్గర పీల్పు ఆగి ఉన్నప్పటికి దాదాపు రెట్టింపవుతుంది.

ఈ లెక్కకు ఇంకో ముఖం ఉంది. ఇన్‌టేక్ జాలీకి నాచు, ఆకులు పట్టి దారి ఇరుకైతే, గాలి పీల్చే ప్రాంతం మెడ దగ్గర ఆగక పైపు వెంట కిందికి దిగుతుంది. అడ్డు బాగా పెరిగితే ఫిల్టర్ మూత మీది ట్యాప్ జాయింట్లూ, చేత్తో నొక్కి నీరు లాగే ప్రైమర్ రబ్బరూ పీల్చడం మొదలుపెడతాయి. లోపలి దూది గట్టిపడితే దాని పైన, ఇంపెల్లర్ నోటి దగ్గర కూడా అంతే. నిన్నటి దాకా గాలి చొరబడని జాయింటు ఇవాళ చొరబడనిస్తోందంటే అది చెడిపోయిందని వెంటనే అనుకోనక్కర్లేదు, దాని మీద లాగుడు పెరిగి ఉండవచ్చు. ఏ రబ్బరునూ ముట్టుకోకముందు జాలీ కడిగి, దూది మార్చి చూడమని నేను గట్టిగా చెప్పేది అందుకే. సగం ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయని నా అనుభవం.

స్టాండులో చోటు లేక ఫిల్టర్‌ను తొట్టి పక్కనే, దాదాపు అదే ఎత్తులో పెట్టేవాళ్లున్నారు. అప్పుడు దాని మూత కూడా నీటిమట్టానికి దగ్గరగా వచ్చి, డబ్బా అంతా పీల్చే ప్రాంతమైపోతుంది. ఇలాంటి అమరికలో ఏ రబ్బరు మార్చినా ఫలితం ఉండదు, ఫిల్టర్‌ను కిందికి దించడమే మందు.

లీకు కాని బుడగలు

బుడగలు కనిపించిన ప్రతిసారీ లీకు ఉన్నట్టు కాదు. కడిగి మళ్లీ బిగించిన ఫిల్టర్‌లో, ముఖ్యంగా కొత్త స్పాంజీ, కొత్త సెరామిక్ రింగులు వేసినప్పుడు, వాటి రంధ్రాల్లో చిక్కుకున్న గాలి ఒకటి రెండు రోజుల పాటు తెరలు తెరలుగా బయటికి వస్తూనే ఉంటుంది. నడుస్తున్న డబ్బాను నిదానంగా అటూ ఇటూ ఒంపితే త్వరగా వదులుతుంది. రోజు రోజుకూ తగ్గుతూ పోతే అది మిగులు గాలి. తగ్గకుండా ఒకే లయలో, గంటకోసారో పూటకోసారో వస్తుంటే అది లీకు. ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్ వరుసలోని కొన్ని ఫిల్టర్లు ప్రతి 12 గంటలకు తమంతట తాము ఆగి, పోగైన గాలిని వదిలి మళ్లీ మొదలవుతాయి. అది వాటి నిర్మాణంలోనే ఉంది.

గాలిరాయి ఇన్‌టేక్ పక్కనే ఉంటే దాని బుడగలు నేరుగా జాలీలోకి పోతాయి. ఒక జానెడు దూరం జరిపితే తీరుతుంది. మొక్కల తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ వదిలే గొట్టం విషయంలోనూ ఇంతే. తెలుగు నేల మీద మే నెలలో తొట్టి మట్టం చూస్తుండగా తగ్గిపోతుంది. మట్టం తగ్గితే పైతెరను లాగే స్కిమ్మర్ నోరు తేలిపోయి నీటితో పాటు గాలినీ తాగుతుంది, సుడి కూడా కడుతుంది. నీటిమట్టం పైకి వచ్చిన ఔట్‌లెట్ ధార నీటిని చిలికి పొగమంచు లాంటి సన్న బుడగలు చేస్తుంది. ఫిల్టర్ శబ్దం చేయకుండా ఇలాంటి సన్న బుడగలు మాత్రమే వస్తుంటే, వాటి పుట్టుక ఇంపెల్లర్ దాటాక ఎక్కడో అని అర్థం.

నీళ్లు మార్చిన రోజున వచ్చే బుడగలు వేరు. చల్లని నీటిలో వాయువులు ఎక్కువగా కరుగుతాయి: 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 9.1 మి.గ్రా. దాకా ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. చల్లటి నీరు తొట్టిలో వేడెక్కేకొద్దీ మిగులు వాయువు అద్దాలకు, పైపు గోడలకు ముత్యాల్లా పట్టుకుంటుంది, పీడనం తక్కువున్న మెడ దగ్గర మరింతగా విడిపోతుంది. అప్పుడే తోడిన బోరు నీటిలో కూడా ఇలా మిగులు వాయువులు ఉండవచ్చు. ఆ నీటిని ఒక రాత్రి బకెట్‌లో నిలవుంచి పోస్తే ఈ బెడద ఉండదు. నెలల తరబడి తెరవని ఫిల్టర్‌లో అడుగున కుళ్లిన మడ్డి నుంచి కూడా వాయువు పుడుతుంది. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ నీరు తొట్టిలోకి పోనివ్వకూడదు. గంటల తరబడి కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా డబ్బాలో నిలిచిన నీటిని పారబోసి, తాజా నీటితో నింపాకే స్విచ్చి వేయడం మేలు.

వెతికే పద్ధతి

గది చీకటి చేసి, ఇన్‌టేక్ పైపు వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూడడంతో మొదలుపెట్టాలి. చాలా ఫిల్టర్ల పైపు లేత ఆకుపచ్చగా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. వెలుతురు దాని గుండా రాగానే లోపల పారే బుడగలు మెరుస్తాయి. జాలీ వైపు నుంచి ప్రవాహం వెంట చూపును జరుపుతూ పోవాలి. ఏ జాయింటుకు ముందు బుడగ లేదో, దాటాక ఉందో, తప్పు అక్కడుంది.

మా ఇంట్లో మూడడుగుల తొట్టికి బిగించిన ఫిల్టర్ ఒక వేసవిలో మూడు వారాలు విసిగించింది. మూత రబ్బరు రెండుసార్లు మార్చాను. మూడో వారం రాత్రి టార్చి పెట్టి చూస్తే, తొట్టి అంచు మీది వంపు గొట్టానికి పైపు తొడిగిన చోట, తొడుగు చివర నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పుట్టి, పైపు గోడను పట్టుకుని కాసేపు ఆగి, జారిపోతున్నాయి. పైన వేలితో నొక్కితే ఆగుతున్నాయి, వదిలితే మళ్లీ మొదలు. పైపు చివర గట్టిపడి, గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది. అంగుళం ముక్క కోసేసి, చివరను వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి మళ్లీ తొడిగాను. ఆ రబ్బర్లకు పెట్టిన డబ్బు కంటే, మూడు వారాలు నీరసించిన ప్రవాహంలో చేపలను ఉంచినందుకే ఇప్పటికీ బాధ.

కంటికి చిక్కనప్పుడు నీటి చుక్కను వాడాలి. సూది తీసిన సిరంజిలో తొట్టి నీరే తీసుకుని ఒక్కో జాయింటు చుట్టూ నెమ్మదిగా వదలాలి. సందు ఉంటే గాలికి బదులు ఆ నీరే లోపలికి పోయి, ఆ కాసేపు బుడగలు ఆగుతాయి. తడి గుడ్డ చుట్టినా ఇదే ఫలితం. గ్యాస్ సిలిండర్‌కు చేసినట్టు సబ్బు నురగ పూసే అలవాటు ఇక్కడ పనికిరాదు, ప్రమాదం కూడా. సబ్బు బుడగ ఊరేది లోపలి గాలి బయటికి వచ్చే చోట. ఇక్కడ గాలి లోపలికి పోతుంది కాబట్టి సబ్బూ దాంతో పాటు లోపలికే పోతుంది, చేపల మొప్పలకు అది విషం. విద్యుత్ తీగ ఉన్న మూతను నీళ్లలో ముంచి చూడడం అంతకంటే పెద్ద తప్పు.

ఔట్‌లెట్ ట్యాప్‌ను కొంత మూస్తే ప్రవాహం తగ్గి మెడ దగ్గరి పీల్పు కూడా తగ్గుతుంది. అప్పుడు బుడగలు తగ్గితే లీకు ఇన్‌టేక్ వైపున ఉందని చెప్పవచ్చు. ఇన్‌టేక్ ట్యాప్‌ను మాత్రం మూయకూడదు. పీల్పు పెరిగి లేని లీకులు పుడతాయి, మోటారు ఆకలితో నడుస్తుంది.

దొరికే చోట్లు, చేయాల్సింది

నూటికి ఎక్కువ పాళ్లు లీకులు పైపు తొడుగుల దగ్గర, ట్యాపుల్లోని ఓ-రింగుల దగ్గర ఉంటాయి. పీవీసీ పైపు మన వేసవి వేడికి ఏళ్ల మీద మెత్తదనం కోల్పోతుంది. చివరను కోసి తిరిగి తొడిగి, నట్టు లేదా స్టీలు క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. పైపును పైకీ కిందికీ వంపులు లేకుండా, మిగులు పొడవు కత్తిరించి నిటారుగా దించాలి. మూపులా లేచిన వంపులో గాలి చిక్కి కదలదు.

ఫిల్టర్ నుంచి పైపులను ఒక్క మీటతో ఊడదీసే ట్యాపు గట్టులో సాధారణంగా రెండు మూడు ఓ-రింగులు ఉంటాయి. అవి ఎండి, నొక్కుడుకు చప్పబడి, గుండ్రని కోత చదునైపోతే మార్చాలి. బోరు నీరు గట్టిగా ఉండే తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో రింగు గాడిలో తెల్లని సున్నపు పొర కడుతుంది. కొత్త రింగు వేసినా అది ఆ పొర మీదే కూర్చుని సందు విడుస్తుంది. ప్లాస్టిక్ భాగాన్ని విప్పి వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, బాగా కడిగి వేసుకోవాలి. మూత గాడిలోనూ ఒక ఇసుక రేణువు, ఒక నాచు పోగు చాలు. బుట్టలు పొంగేలా సామాన్లు నింపితే మూత పూర్తిగా కూర్చోదు, క్లిప్పులు మాత్రం పడ్డట్టే ఉంటాయి.

రబ్బరుకు కొబ్బరినూనె, వాజ్‌లైన్ పూయడం మన ఇళ్లలో మామూలు. నూనె, పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఏ రబ్బరో తెలియనప్పుడు సిలికాన్ గ్రీజు సన్నని పొరగా రాయడం మంచిది, రింగే సిలికాన్‌తో చేసినదైతే ఏదీ రాయకుండా నీటితో తడిపి వేయాలి. గ్రీజు రింగును జారేలా చేసి సరిగ్గా కూర్చోబెడుతుంది, సందును పూడ్చదు. దాన్ని ఎక్కువ రాసి లీకు ఆపుదామనుకోవడం వృథా. పగిలిన ప్లాస్టిక్ వంపుకు జిగురు పూసిన అతుకు కూడా ఎక్కువ రోజులు నిలవదు, భాగం మార్చడమే నయం.

చేపల మీద ప్రభావం

పంపు పీల్చిన గాలి చేపలను జబ్బు చేయగలదని తెలిసింది పెద్ద చేపల కేంద్రాల్లో. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉన్న వుడ్స్ హోల్‌లో చేపల కళ్లు ఉబ్బి, రెక్కల్లో బుడగలు లేస్తుంటే ఎం. సి. మార్ష్, ఎఫ్. పి. గోరమ్ పరిశోధించి 1905లో నివేదిక ప్రచురించారు. పంపు సక్షన్ పైపులో లీకు ఉండి, దూరిన గాలి పంపులోని పీడనం కింద నీటిలో మితిమీరి కరిగిందని తేల్చారు. చేప శరీరంలోకి చేరాక ఆ వాయువు బుడగలుగా విడిపోతుంది. దీన్ని వాయు బుడగల జబ్బు అంటారు. ఇంట్లో మీటరు కింద ఉన్న ఫిల్టర్ పీడనం వాతావరణ పీడనంలో దాదాపు పదో వంతు అదనం. అమెరికా పర్యావరణ సంస్థ జలచరాల కోసం పెట్టుకున్న హద్దు కూడా 110 శాతం సంతృప్తతే. తొట్టి నీరు పైతలం దగ్గర గాలికి తగిలి మిగులును వదిలేస్తుంది కాబట్టి ఇళ్లలో ఈ జబ్బు అరుదు. అయినా చేప రెక్కల పొరల్లోనో కంటి అంచునో బుడగ కనిపిస్తే, మందుల సీసా తెరవకముందు ఇన్‌టేక్ పైపు వైపు చూడాలి.

బాగుచేశాక

తిరిగి మొదలుపెట్టేటప్పుడు డబ్బాను ముందే నీటితో నింపి, ఔట్‌లెట్ ట్యాపు తెరిచి గాలికి దారి ఇచ్చి, ఆ తరువాతే ఇన్‌టేక్ తెరవాలి. గాలి పోయే చప్పుడు ఆగాక స్విచ్చి వేయాలి. మిగులు గాలి వదలడానికి రెండు రోజులు గడువిచ్చి, ఔట్‌లెట్ మూతి నీటిలో మునిగేలా జరిపి, ఫిల్టర్‌ను రెండు మూడు గంటలు ఆపి ఉంచాలి. రాత్రంతా ఆపితే లోపలి బ్యాక్టీరియాకు కష్టం. ఆపి ఉంచినా మెడలో పీల్పు ఉంటుంది కాబట్టి, సన్నని సందు ఉన్నా గాలి అక్కడికి చేరి పోగవుతుంది. గడువు ముగిశాక మళ్లీ టార్చి పెట్టి చూస్తే, తొట్టి అంచు మీది వంపులో వేలెడు ఖాళీ కూడా లేకుండా నీరు నిలిచి కనిపించాలి.